అక్క ఊఁ కొట్టని కథ

పోస్ట్‌మోడర్నిజం మీద నేను మానుకోటలో నలభై నిమిషాలు మాట్లాడాను. అదేమిటో నాకు తెలియదు. తెలియనిదాని మీద మాట్లాడటం మా వృత్తిలో పెద్ద నేరమేం కాదు. జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, ఆ విద్య ఎప్పుడో అబ్బింది. కానీ ఆ రోజు నా భుజాల మీద శాలువా ఉంది. వెనక ఫ్లెక్సీ మీద నా ఫొటో, ఫొటో కింద ‘తెలంగాణ పోస్ట్‌మోడర్న్ కథకుడు’ అని నా తలకాయంత అక్షరాలు. అంత పెద్ద అబద్ధానికి వీపు ఆనించి కూర్చోవడం నాకూ అదే మొదటిసారి.

మహబూబాబాద్ అని కాగితాల్లో రాస్తాం గానీ మా నోట్లో అది మానుకోటే. ఆ సభ నా కథల్లో ఒకే ఒక్క కథ కోసం పెట్టారు. ఆ కథకు మూడు ముగింపులు. దాన్ని ఎందుకు మూడు రకాలుగా ముగించానో సభలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. దానికి ముందు మా అక్క సంగతి, మా బావ సంగతి చెప్పాలి.

మాది నర్సింహులపేట దగ్గర ఒక చిన్న ఊరు. నాయిన మిరప వేసేవాడు. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. కల్లంలో ఆరబోసిన మిరపకాయలకు కాపలా మా ఇద్దరిదే. మబ్బు పడితే పట్టా కప్పాలి, ఎండ వస్తే తీయాలి. ఆ మధ్యలో పనేం ఉండదు. ఘాటుకు ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని అక్క కథలు చెప్పేది. ఒక్కటే షరతు, నేను ఊఁ కొట్టాలి. మాటకొక ఊఁ. నా ఊఁ ఆగిందా, కథ ఆగేది. “ఊఁ అననోనికి కథెందుకురా, గోడకు జెప్పుకున్న నయం” అని దులుపుకుని లేచిపోయేది. ఆమె ఎక్కడైనా నీళ్లు నమిలితే నేను “అటెంక?” అని అడిగేవాణ్ణి. అట్లా అడిగితే ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పి తీరాలి. అది మా ఇంటి చట్టం.

అక్కను భూపాలపల్లికి ఇచ్చారు. బావ అక్కడ బొగ్గు గుంతల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద పంపు నడిపేవాడు. వానాకాలం గుంతలో చేరిన నీళ్లు తోడిపోయడం ఆయన పని. పెళ్లయినప్పటి నుంచీ బావ తాగుడు మామూలు తాగుడు కాదు. దాచడానికేముంది, చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. అక్క రెండుసార్లు బట్టల మూటతో పుట్టింటికి వచ్చి కూర్చుంది. మూడోసారి రావడానికి తయారవుతుండగా ఆయన ఎవరి మాట విన్నాడో ఏమో మందిరానికి పోవడం మొదలుపెట్టి, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆనాటి నుంచి పదకొండేళ్లు చుక్క ముట్టలేదు. చుట్టాల పెళ్లిళ్లలో బావమరుదులందరం కలిసి ఏడిపించినా, కల్లు ముంత ముక్కు దగ్గర పెట్టినా, “నా వాటా గూడ నువ్వే తాగు బామ్మర్దీ, నాకు లెక్కయిపోయింది” అని నవ్వేవాడు.

ఆయన చదువు అయిదో తరగతి. అయినా ఆదివారం మందిరంలో నిలబడి వాక్యం చదివే పని పాస్టరయ్య ఆయనకే అప్పజెప్పాడు. బావకు అది కలెక్టరు కొలువు కంటే ఎక్కువ. తప్పు చదువుతానేమోనని భయం. అందుకని ప్రతి శనివారం తెల్లవారుజామున, డ్యూటీలో ఉండగానే, నాకు ఫోను చేసి మర్నాటి భాగం చదివి వినిపించేవాడు. నేను దుప్పట్లోంచే వినేవాణ్ణి. కాసేపు నా గొంతు వినబడకపోతే కోపం వచ్చేది. “ఊఁ గొట్టు బామ్మర్దీ. ఊఁ అనకుంటే లైను కట్టయిందనుకుంట.” అక్క నేర్పిన చట్టం ఆ ఇంటికీ పాకింది.

మూడేళ్ల కింద ఒక శనివారం పొద్దున అయిదున్నరకు ఆ ఫోను వచ్చింది. అవతల వాన చప్పుడు. బావ పన్నెండు వచనాలు చదివాడు. ఒక్క చోట తడబడలేదు, ఒక్క ఒత్తు మింగలేదు. చదవడం అయ్యాక “ఎట్లుంది?” అన్నాడు.

“నాకంటే మంచిగ సదువుతున్నవ్ బావా. జర నా క్లాసుకు రారాదు.”

పెద్దగా నవ్వాడు. ఇంతలో దూరం నుంచి ఎవరో అరిచారు. “ఆఁ, వస్తున్న” అని వాళ్లకు బదులిచ్చి, నాతో గొంతు తగ్గించి అన్నాడు. “పంపు బందయింది. నీళ్లు మస్తుగొచ్చినయ్, గిప్పుడు దిగుడు మంచిగాదు సార్ అని ఇంతకుముందే అన్న. దిగుతవా, లేకుంటె రేపట్నుంచి రాకు అంటుండు సూపర్‌వైజరు. పొయ్యొస్త. మీ అక్కకు జెప్పకు, పరేషానయితది.”

ఎనిమిది గంటలకు నీళ్లలోంచి ఆయన శవాన్ని తీశారు.

మట్టి చేసిన నాడే అక్కకు ఆ ఫోను సంగతంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. అది నిజమైన ఏడుపే, దాంట్లో నటనేం లేదు. నాలుగు రోజులకు కాంట్రాక్టరు వైపు నుంచి కాగితం తయారై, ప్రమాదం మీద విచారణ జరిపే సర్కారు ఆఫీసుకు చేరింది. మద్యం సేవించిన స్థితిలో, ఎవరూ చెప్పకుండానే, తనంతట తాను నీళ్లలోకి దిగాడని అందులో ఉంది. సద్ది గిన్నె పక్కన సీసా దొరికిందట. సాక్షులుగా ఇద్దరు సంతకం చేశారు. ఇద్దరూ ఆ కాంట్రాక్టరు దగ్గర పని చేసేవాళ్లే. డాక్టరు ఏం రాశాడో ఆ కాగితం మా చేతికి రానే లేదు.

అక్క జనగామకు వచ్చింది. మా ఇంటి గడప లోపల చాప మీద కూర్చుంది. నీళ్లు కూడా ముట్టకుండా అడిగింది.

“నేను వాళ్ల పైసలడుగుతలేను తమ్మీ. గా తాగిండన్న మాట తీసెయ్యమను, గంతే. మందిరంల నా మొఖం జూస్తలేరు. పదకొండేండ్లు అందర్ని మోసం జేసిండన్నట్టు జూస్తుండ్రు. నీకు ఫోన్ జేసిండు గద. ఆఫీసర్ ముంగట నువ్వొచ్చి గా ఫోన్ సంగతి జెప్తె సాలు.”

“వస్త అక్కా” అన్నాను. వెంటనే అన్నాను. పోలేదు.

ఎందుకు పోలేదో చెబుతాను, దాచి ఏం లాభం. మా కాలేజీ యజమాని, ఆ కాంట్రాక్టరు తోడల్లుళ్లు. నా కొలువు పర్మినెంటు కాదు. ప్రతి జూన్‌లో యజమాని ఫోను చేసి “రేపట్నుంచి రండి సార్” అంటేనే నాకు ఆ ఏడు అన్నం. ఇరవై రెండు జూన్లు ఆ ఫోను కోసం గుండె చేతిలో పట్టుకుని కూర్చున్నవాణ్ణి. దినాలయి కాలేజీకి పోయిన రోజు ఆయన నన్ను గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఎప్పుడూ చూపించడు.

“మీ బావనటగద సార్, పాపం. తాగుడు గిట్లనే జేస్తది” అని నా ముఖంలోకి చూశాడు.

నేను తలూపాను.

ఒక్కసారే ఊపాను. నోటితో ఒక్క ముక్క అనలేదు. ఇప్పటికీ అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే ఆ తలూపు గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె చెడ్డ మనిషి కాదు, అక్కంటే ప్రాణం. అయినా “నువ్వు సాక్ష్యం జెప్తె సచ్చిపోయినాయన లేచొస్తడా? బిడ్డ సదువు నడుమల ఉంది. అదొక్కటి కానియ్యి, అటెంక నీ ఇష్టం” అంది. అటు అక్క, ఇటు జూన్ నెల. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా బతుకు. భూపాలపల్లి నుంచి ఫోను వస్తే స్నానంలో ఉన్నానని చెప్పించిన రోజులున్నాయి.

కక్కలేక మింగలేక ఏడాది గడిచింది. అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆఫీసులో చెప్పలేనిది కథలో చెబుతాను అనుకున్నాను. కూర్చుని రాశాను. పేర్లు లేవు, ఊరు లేదు. గుంత ఉంది, వాన ఉంది, పంపు మనిషి ఉన్నాడు. అతను నీళ్లలోకి దిగే దాకా కథ బాగానే నడిచింది. నాకు తెలిసిన బావ అందులో నడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. పొమ్మన్నది ఎవరు అనే చోట చెయ్యి ఆగిపోయింది. సూపర్‌వైజరు పొమ్మన్నాడని రాశాను. రాయగానే యజమాని ముఖం కళ్ల ముందు నిలబడింది. కొట్టేయడానికి మనసు రాలేదు. దాన్ని అట్లాగే ఉంచి, కింద ఇంకో ముగింపు రాశాను. ఎవరూ పొమ్మనలేదు, పంపు మీద ప్రేమతో తనే పోయి జారాడు. అదీ చాలలేదనిపించింది. మూడోది రాశాను. అందులో సీసా ఉంది.

మూడింటికీ తలా మూడు పేజీలు. పాము చావకుండా కర్ర విరగకుండా పని అయిందని ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

అచ్చుకు పంపే ముందు అక్కకు చదివి వినిపించాలని భూపాలపల్లి పోయాను. ఎంత తెలివితక్కువ మనిషిని కాకపోతే అట్లా పోతాను! పరకాల దాటితే బొగ్గు లారీల వెనక బస్సు పాకుతుంది. రెండు గంటలు అందులో కూర్చుని, అక్క మెచ్చుకుంటుందని ఊహించుకుంటూ పోయాను. ఆమె వాకిట్లో చాట ముందు పెట్టుకుని చింతచిగురు ఏరుతోంది. నేను కథ చదువుతుంటే చెయ్యి ఆపకుండానే ఊఁ కొట్టింది. చిన్ననాటి ఊఁ. బావ నవ్విన చోట గట్టిగా అంది. సూపర్‌వైజరు పొమ్మన్న చోట “ఊఁ, ఊఁ” అని రెండుసార్లు అంది. రెండో ముగింపు మొదలుపెట్టాను. ఒక ఊఁ వచ్చింది, సగంలో ఇంకోటి వచ్చింది. మూడోది మొదలుపెట్టాక ఏమీ రాలేదు. చిగురు ఏరే చెయ్యి కూడా ఆగింది. కథ బాగా పండింది, దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని నేనింకా భావం పెట్టి చదివాను.

“అయిందా?” అంది.

“అయింది.”

“గిండ్ల ఏది నిజమో నీకెర్కలేదా?”

“కథల గట్ల ఒక్కటే జెప్పరక్కా. సదివెటోళ్లు తేల్సుకుంటరు.”

“సదివెటోళ్లు ఆడున్నరా?”

నేను కాగితాలు మడత పెట్టాను.

“నీకు ఫోన్ జేసిండు. సదివెటోళ్లకు జేసిండా?” అని చాట తీసుకుని లోపలికి పోయింది. చింతచిగురు పప్పు చేసి, నాకు వడ్డించి, ఎదురుగా కూర్చుని తినిపించింది. ఆ కథ ఊసు మళ్లీ ఎత్తలేదు.

కథ అచ్చయింది. హనుమకొండలో ఒక పెద్దాయన, విమర్శకుడు, దాన్ని చదివి ఫోను చేశాడు. “ఇన్నాళ్లకు మన దిక్కు నుంచి నిఖార్సైన పోస్ట్‌మోడర్న్ కథ వచ్చింది” అన్నాడు. నేను బయటికి పోయి సిగ్నలు బాగా వచ్చే చోట నిలబడి మళ్లీ చెప్పించుకున్నాను. సత్యమనేది లేదు, ఉన్నవి కథనాలే, ఏది నిజమో తేల్చడం రచయిత పని కాదు, ఇదే పోస్ట్‌మోడర్నిజం అని ఆయన వివరించాడు. అబ్బ! ఎంత చల్లగా ఉండిందో ఆ మాట. ఏడాదిగా నా పిరికితనానికి పేరు దొరకక చస్తున్నాను. ఇంగ్లీషులో ఇంత గొప్ప పేరుందని నాకేం తెలుసు? పుస్తకం వేసినప్పుడు ముందుమాటలో ఆయన మాటలే నా మాటలుగా దించాను. ‘సత్యం ఒక్కటి కాదు. అసలు ఉందో లేదో కూడా తెలియదు. రచయిత తీర్పరి కాదు’ అని.

ఇక జనగామలో నా వైభవం చూడాలి. స్టాఫ్‌రూంలో లెక్కల సారు, “అర్థం గాకపోతే మాడర్నట, అస్సలే అర్థం గాకపోతే పోస్ట్ మాడర్నట గద సార్” అన్నాడు. రఘునాథపల్లి నుంచి ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు వచ్చి, కథను తోక నుంచి తలకు రాయడమే ఆ వాదమని నాకే నేర్పి, చాయ్ తాగి పోయాడు. క్లాసులో ఒక పిల్ల లేచి, “సార్, మాడర్నిజం అయిపోయినంక అచ్చేదాన్ని పోస్ట్‌మాడర్నిజం అంటరా? మరి మన జనగామకు మాడర్నిజమే ఇంక రాలేదు గద” అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అందరం తలా ఒక రకంగా దాన్ని తప్పుగానే అర్థం చేసుకున్నాం. వాళ్ల తప్పుల వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నా తప్పు మాత్రం ఒక ఆడమనిషి మెడకు చుట్టుకుంది.

మానుకోట సభకు పిలుపు వచ్చింది అప్పుడే. నలభై నిమిషాలు దంచాను. మధ్యలో రెండుసార్లు చప్పట్లు. ప్రశ్నలు అడగమంటే వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఆ ఊరి కాలేజీలో ఇంగ్లీషు చెబుతుందట. పాతికేళ్లు దాటి ఉంటాయి. చేతిలో నా పుస్తకం, పేజీల మధ్య బస్సు టికెట్లు గుర్తుగా పెట్టుకుంది.

“సార్, మీ కథల మూడు ముగింపులకు సమానంగ పేజీలిచ్చిండ్రు. బయట గిట్లాంటిది జరిగితే ఆ మూడు సమానంగ ఉండవు గద? ఒకటేమో స్టాంపు గుద్దిన కాగితం మీదుంటది. ఇంకొకటి సచ్చిపోయినాయన భార్య నోట్ల మాత్రమే ఉంటది.”

“పాఠకుడికి స్వేచ్ఛ ఇవ్వడం...” అన్నాను.

“స్వేచ్ఛ పాఠకునికి దొరికింది సార్. ఆమెకేం దొరికింది?” ఆ అమ్మాయి గొంతులో ఎగతాళి లేదు, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. “నాకు తెలిసినంతల పోస్ట్‌మాడర్నిజం అంటే నిజం లేదనుడు గాదు. స్టాంపు గుద్దుకొని అచ్చిన కథను పట్టుకొని, నిన్నెవరు రాసిండ్రు, ఎందుకు రాసిండ్రు, ఎవరి నోరు మూసి రాసిండ్రు అని అడుగుడు. మీరు దాన్నేం అడగలే సార్. తెచ్చి మీ కథల కూడ దానికి కుర్చీ ఏసిండ్రు.”

అధ్యక్షుడు సమయం చూపించి నన్ను కాపాడాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చాయ్ దగ్గర ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. తప్పుగా మాట్లాడితే ఏమనుకోవద్దంది. తర్వాత మెల్లగా అడిగింది.

“గా పంపు మనిషి నిజంగ ఉన్నడా సార్?”

“లేడమ్మా. కల్పన” అన్నాను.

ఆ మాట అన్నాక సమోసా పక్కన పెట్టేశాను. దుప్పట్లో పడుకున్న నాకు ఫోనులో పన్నెండు వచనాలు చదివి వినిపించిన మనిషి లేడన్నాను. ఆ కాంట్రాక్టరు కూడా అంత మాట అనలేదు, తాగి ఉన్నాడన్నాడే గానీ లేడనలేదు.

జనగామకు తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నా కథ నేనే చదువుకున్నాను. మూడో ముగింపులోనే నా తెలుగు అన్నిటికంటే బాగుంది. సీసా ఎండకు మెరవడం, మూత దొర్లిపోవడం, అన్నీ పట్టి పట్టి రాశాను. అసలు జరిగినదాన్ని భయంభయంగా పొడిపొడిగా రాశాను. చూసుకుని ఛీ అనిపించింది. కాజీపేటలో రైలు ఆగితే అక్కకు ఫోను చేశాను.

“అక్కా, ఆఫీసుకు వస్త. చెప్త.”

“ఈ బుధవారం పిలిచిండ్రు. ఆఖరి సారట” అంది. రెండేళ్లుగా ఆమె ఒక్కతే ఆ ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతోందని, ఎన్ని వాయిదాలయ్యాయో కూడా నేను అడగలేదని, అప్పుడు తోచింది.

బుధవారం పోయాను. భార్యకు చెప్పే పోయాను. ఆమె ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది. ఆఫీసులో విచారణ అధికారి, ఒక టైపిస్టు, కాంట్రాక్టరు తరఫున వకీలు, బెంచీ మీద అక్క. నేను నిలబడి చెప్పాను. శనివారం, అయిదున్నర, పన్నెండు వచనాలు, వాన, సూపర్‌వైజరు అరుపు, పొయ్యొస్త అన్న మాట. తొమ్మిది నిమిషాలు మాట్లాడినట్టు ఫోనులో ఉన్న లెక్కను ఫొటో తీసి దాచుకున్నది కూడా చూపించాను. తాగిన మనిషి అట్లా చదవలేడన్నాను. ఇరవై రెండేళ్లు పిల్లల చేత చదివించినవాణ్ణి, నాకు తెలియదా అన్నాను. టైపిస్టు వేళ్లు ఆపి నా వైపు చూశాడు. నా గొంతు నాకే బాగా వినిపించింది. ఎన్నాళ్లకో ఒక మనిషిలా నిలబడ్డాననిపించింది.

“రెండేండ్లు ఎందుకు జెప్పలె?” అన్నాడు అధికారి.

“భయం సార్” అన్నాను. అదీ నిజమే.

వకీలు లేచి సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. నా పుస్తకం. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదట నాకు సంతోషం వేసింది. భూపాలపల్లిలో కూడా నా పుస్తకం కొన్నారన్న సంతోషం. ఒక క్షణం పాటే. ఆయన మూడో ముగింపు తెరిచి, సీసా మెరిసిన వాక్యం నుంచి మూత దొర్లే వాక్యం దాకా నిదానంగా చదివాడు. బాగా చదివాడు కూడా.

“ఇది మీరు రాసిందేనా?”

“నేనే. కానీ అది కథ.”

“ఇప్పుడు జెప్పింది?”

“ఇది నిజం.”

ఆయన ముందుమాట తిప్పాడు. “సత్యం ఒక్కటి కాదు. అసలు ఉందో లేదో కూడా తెలియదు. ఇది కూడా మీరు రాసిందే గద సార్?”

నేనేం చేశానో తెలుసా? ఆ ఆఫీసులో, ఆ ఫ్యాను కింద, పోస్ట్‌మోడర్నిజం అంటే అది కాదు సార్ అని మొదలుపెట్టాను. నిజం లేదనడం కాదు, స్టాంపు ఉన్న కాగితాన్ని ఎవరు రాశారని అడగడం అని, మానుకోట అమ్మాయి మాటలు వల్లించాను. ఆ కాగితం టేబుల్ మీదే ఉంది. దాన్ని చూపించి మరీ చెప్పాను. తెలిసి మాట్లాడింది నా జన్మలో ఆ ఒక్కసారే. అధికారి చెయ్యెత్తి ఆపాడు.

“గదంత మీ కాలేజిల జెప్పుకోండ్రి సార్. గిది ఆఫీసు.”

సాక్షి మాటలో నిలకడ లేదని, ఇదే సంగతిని గతంలో మరో విధంగా రాసి అచ్చు వేయించాడని టైపు చేయించాడు. తాగిండన్న మాట తీయలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. అక్క కొంగుతో ముక్కు మూసుకుంది. చిన్నప్పుడు మిరప ఘాటుకు మూసుకున్నట్టే. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే కాళ్ల మీద పడి ఏడ్చేవాణ్ణి. “ఆకలయితుందేమో, తినిపో తమ్మీ” అంది. నేను బస్సుకు వేళయిందని అబద్ధం చెప్పి వచ్చేశాను.

ఆ జూన్‌లో యజమాని నుంచి ఫోను రాలేదు. దేనికి భయపడి నోరు మూసుకున్నానో అదే జరిగింది. ఏదో కొండ విరిగి మీద పడుతుందనుకున్నాను. ఏమీ పడలేదు. రఘునాథపల్లిలో ఒక స్కూల్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. బిడ్డ చదువు కూడా ఆగలేదు. ఇంతేనా, దీనికేనా రెండేళ్లు తలూపాను అనుకుంటే ఇంకా ఎక్కువ మండుతుంది. పుస్తకానికి మాత్రం ఇంకా పేరు వస్తోంది. నెలకొకరు ఫోను చేసి, మూడో ముగింపు అద్భుతం సార్ అంటారు. వాళ్లకు ఏం చెప్పను? నేను పన్నిన వలలో నేనే పక్షిని. కాదనబోతే అది కూడా పోస్ట్‌మోడర్న్ చమత్కారమే అనుకుని నవ్వుతారు.

మొన్న ఆగస్టులో బావ జ్ఞాపకార్థ కూడిక. అక్క రమ్మంది. వాకిట్లో టెంటు వేశారు. మందిరం నుంచి నలభై మంది దాకా వచ్చారు. వాళ్లలో కొందరు మూడేళ్లుగా ఆ గడప తొక్కనివాళ్లు. పాట అయింది, ప్రార్థన అయింది. అప్పుడు అక్క గుమ్మం దగ్గర కూర్చున్న చోటు నుంచే, “మా తమ్ముడు ఆ పొద్దుటి సంగతి జెప్తడు” అంది. నాకు ముందు చెప్పలేదు.

లేచాను. కాగితం లేదు, పుస్తకం లేదు.

“శనివారం పొద్దుగాల అయిదున్నరకు బావ నాకు ఫోన్ జేసిండు” అన్నాను.

“ఊఁ” అంది అక్క.

అంతమందిలో ఆ ఊఁ నాకొక్కడికే వినిపించినట్టుంది.

“వాన పడుతుంది. పన్నెండు వచనాలు సదివిండు. ఒక్కటి గూడ తప్పు పోలే.”

“ఊఁ.”

“సూపర్‌వైజరు పిలిచిండు. నీళ్లు మస్తుగున్నయ్ వద్దన్నడట బావ. దిగకపోతే రేపట్నుంచి రాకన్నడట. పొయ్యొస్త అన్నడు నాతోని. నవ్వుకుంటనే మాట్లాడిండు. తాగిన మనిషి గాదు.”

“ఊఁ.”

పాస్టరయ్య కళ్లు తుడుచుకున్నాడు. వెనక ఒక ముసలవ్వ “అయ్యో కొడకా” అంది. నేను చెప్పాల్సింది అయిపోయింది. కూర్చోబోయాను.

“అటెంక?” అంది అక్క.

ఆమె వైపు చూశాను. చూపు తిప్పుకోలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. మా ఇంటి చట్టం అది, అడిగితే చెప్పి తీరాలి.

“అటెంక నేను కాలేజికి పోయిన. తాగిండట గద అని మా సారడిగితే తలకాయ ఊపిన.”

“ఊఁ.”

“నువ్వొచ్చి సాక్ష్యం జెప్పమన్నవ్. వస్తనన్న. రాలే. రెండేండ్లు రాలే. కొలువు పోతదని భయపడ్డ.”

“ఊఁ.”

“అటెంక కథ రాసిన. అండ్ల మూడు తీర్ల రాసిన.”

ఊఁ రాలేదు. టెంటు గుడ్డ గాలికి కొట్టుకుంటోంది.

“జరిగింది ఒక్కటే అక్కా. నాకెర్కనే. ఎర్కుండే రాసిన.”

“ఊఁ” అంది అక్క.